ఒకే స్టోరేజ్ పొర కింద మూడు రకాల హార్డ్‌వేర్: పరిమితులను ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి బస్తాలు దాచే శీతల గిడ్డంగుల్లో ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేసే పరికరాన్ని మా చిన్న బృందం కొన్నేళ్లుగా తయారుచేస్తోంది. గదిలో కరెంటు ఎప్పుడు పోయింది, మళ్లీ చల్లబడడానికి ఎన్ని గంటలు పట్టింది అన్న లెక్క, సరుకు పాడైందని రైతుకూ గిడ్డంగి యజమానికీ మధ్య మాట వచ్చినప్పుడు అవసరమవుతుంది. అందుకే ఒక్క రికార్డు కూడా పోకూడదన్నది మేము పెట్టుకున్న మొదటి నియమం.

ఇప్పటికి మూడు బోర్డులు చేశాం. మొదటిదానిలో ఎన్‌ఆర్‌ఎఫ్52832 మైక్రోకంట్రోలర్, ఎస్‌పీఐ (చిప్‌లను కలిపే వైర్ల పద్ధతి) మీద 8 మెగాబైట్ల నార్ ఫ్లాష్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ చిప్) ఉన్నాయి. రెండోదానిలో ఎన్‌ఆర్‌ఎఫ్52840, 32 మెగాబైట్ల నార్ ఫ్లాష్ వాడాం. మూడోది పెద్ద గిడ్డంగుల కోసం చేసినది; అందులో ఎస్‌టీఎం32హెచ్743, ఎస్‌డీ కార్డు ఉన్నాయి. పైన లాగ్ రాసే కోడ్ మూడింటికీ ఒకటే కావాలన్న ఉద్దేశంతో, మధ్యలో "ఈ చోటు నుంచి ఇన్ని బైట్లు రాయి", "ఇన్ని బైట్లు చదువు" అనే రెండే పనులున్న సన్నని పొర ఒకటి పెట్టాం.

మొదటి బోర్డులో ఎదురైన తప్పును కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే తరువాతి కోడంతా దాని చుట్టూనే పెరిగింది. మా రికార్డు 20 బైట్లు: మొదట 4 బైట్ల సమయం, చివర 4 బైట్ల చెక్‌సమ్ (రికార్డు చెడిందో లేదో తేల్చే సంఖ్య). ఫ్లాష్ పేజీ, అంటే ఒక ఆదేశంతో రాయగలిగిన భాగం, 256 బైట్లు. పేజీలో 12 రికార్డులు పూర్తిగా పడతాయి. 13వది 240వ బైటు దగ్గర మొదలై, 16 బైట్లు రాసేసరికి పేజీ అయిపోతుంది. మిగిలిన 4 బైట్లు తరువాతి పేజీలోకి వెళ్తాయని మేము అనుకున్నాం. చిప్ అలా చేయదు, అదే పేజీ మొదటికి తిరిగి వచ్చి అక్కడ రాస్తుంది. అక్కడ ఉన్నది 1వ రికార్డు సమయం. నార్ ఫ్లాష్‌లో రాయడమంటే 1గా ఉన్న బిట్లను 0 చేయడమే కాబట్టి, పాత సమయం మీద 13వ రికార్డు చెక్‌సమ్ పడి, రెండింటిలో దేనికీ చెందని విలువ మిగిలింది. ఒకే రాతతో రెండు రికార్డులు చెడిపోయాయి, డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్) మాత్రం పని విజయవంతమైందని చెప్పింది.

దానికి డ్రైవర్‌లో పేజీ హద్దు దగ్గర విడగొట్టే కోడ్ రాశాం. తరువాత అదే బోర్డులో డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను బదిలీ చేసే హార్డ్‌వేర్) ఒకసారికి 255 బైట్లకు మించి పంపలేదని తెలిసి, ఇంకో విడగొట్టే కోడ్ చేర్చాం. ఫైలు మొదట్లో రాసే శీర్షికను మారని డేటాగా ప్రకటించడంతో అది మైక్రోకంట్రోలర్ సొంత ఫ్లాష్‌లోకి వెళ్లింది. ఆ డీఎంఏ ర్యామ్‌ను మాత్రమే చదవగలదు కనుక బయటి చిప్‌లో అర్థంలేని బైట్లు పడ్డాయి. దానికి మూడో మరమ్మతు చేశాం. రెండో బోర్డు డ్రైవర్‌ను మొదటిదాన్ని కాపీ చేసి మార్చుకున్నాం. ఎస్‌డీ కార్డు వచ్చేసరికి పై పొరలోనే "కార్డు అయితే ఇలా, ఫ్లాష్ అయితే అలా" అనే షరతులు పదకొండు చోట్ల చేరాయి.

అన్నింటికంటే చిన్న పరిమితినే అందరికీ వర్తింపజేసి చూశాం. కోడ్ సులువైంది కానీ, 512 బైట్ల బ్లాకులు తీసుకునే ఎస్‌డీ కార్డుకు 255 బైట్ల ముక్కలు పంపడం వల్ల ప్రతి ముక్కకూ పాత బ్లాకును చదివి, మార్చి, తిరిగి రాయవలసి వచ్చి, వేగం పూర్తిగా పడిపోయింది.

నా ప్రశ్న ఇది. పరిమితులన్నింటినీ డ్రైవర్ తనలోనే దాచుకోవాలా, లేక పై పొరకు చెప్పాలా? చెప్పేటట్లయితే ఏవి చెప్పాలి, ఏవి దాచాలి? నాలుగో బోర్డు వచ్చినప్పుడు పై పొరను ముట్టుకోకుండా ఉండాలన్నది మా కోరిక.

మొదటి సమాధానం

మీరు రాసిన తప్పులన్నీ పైకి ఒకే రకంగా కనిపిస్తున్నాయి కానీ, వాటి యజమానులు వేరు. 256 బైట్ల పేజీ ఫ్లాష్ చిప్ పరిమితి. 255 బైట్ల లెక్క ఎస్‌పీఐ కంట్రోలర్ పరిమితి. ఎన్‌ఆర్‌ఎఫ్52832లో ఆ లెక్క పెట్టే రిజిస్టరు 8 బిట్లే, 52840లో 16 బిట్లు. ర్యామ్‌ను మాత్రమే చదవగలగడం డీఎంఏకూ మెమరీకీ మధ్య ఉన్న పరిమితి. ఈ మూడింటినీ ఒక్క ఫ్లాష్ డ్రైవర్‌లో కలిపి రాయడం వల్లనే, అదే కుటుంబపు ఫ్లాష్‌ను రెండో మైక్రోకంట్రోలర్ మీద పెట్టేసరికి డ్రైవర్ మొత్తాన్ని కాపీ చేయవలసి వచ్చింది.

మొదటి బోర్డులో పూర్తి పేజీ రాయడాన్నే తీసుకోండి. 1 బైటు ఆదేశం, 3 బైట్ల చిరునామా, 256 బైట్ల డేటా కలిపి 260 బైట్లు వైరు మీద వెళ్లాలి, డీఎంఏకు 255 దాటదు. దీన్ని ఫ్లాష్ డ్రైవర్ విడగొడితే పేజీ రాసే ఆదేశాన్ని రెండుసార్లు ఇవ్వాలి, చిప్ పని ముగిసేదాకా రెండుసార్లు ఆగాలి. అదే పనిని ఎస్‌పీఐ డ్రైవర్ చేస్తే, చిప్ సెలెక్ట్ (చిప్‌ను ఎంచుకునే) వైరును కిందికి లాగి ఉంచి రెండు డీఎంఏ బదిలీలు వరుసగా పంపుతుంది. చిప్‌కు అది ఒకే ఆదేశంగా కనిపిస్తుంది. కాబట్టి 255 అన్న అంకె ఎస్‌పీఐ డ్రైవర్ దాటి పైకి రానవసరం లేదు. నేను పాటించే నియమం ఏమిటంటే, పని అర్థం మారకుండా ఒక పరిమితిని తీర్చగలిగిన అన్నింటికంటే కింది పొర ఏదో, ఆ పరిమితి అక్కడే ఆగిపోవాలి. అక్కడ తీర్చలేనిది మాత్రమే పైకి చెప్పాలి.

పైకి చెప్పేటప్పుడు కోడ్ రూపంలో కాకుండా పట్టిక రూపంలో చెప్పండి. ఈ విషయంలో లినక్స్ బ్లాక్ పొర (డిస్కులకు వెళ్లే అభ్యర్థనలను చూసే భాగం) నడిచిన దారి చూడదగినది. ఒకప్పుడు రెయిడ్ (పలు డిస్కులను ఒకటిగా చూపే ఏర్పాటు) వంటి పొరలు పైవారికి ఒక ఫంక్షన్ ఇచ్చేవి: అభ్యర్థనకు ఇంకో మెమరీ పేజీ చేర్చవచ్చా అని ప్రతిసారీ దాన్ని అడగాలి. అభ్యర్థన తయారుచేసే ప్రతి ఫైల్ సిస్టమూ కింది పరికరానికి ఎంత సరిపోతుందో చూసుకుంటూ కట్టేది. 2015లో వచ్చిన 4.3 వెర్షన్‌లో ఆ ఫంక్షన్‌ను పూర్తిగా తీసేశారు. ఇప్పుడు పైవారు తమకు కావలసినంత పెద్ద అభ్యర్థన కడతారు. ప్రతి డ్రైవర్ తన పరిమితులను ఒక పట్టికలో నింపి ఇస్తుంది. ఆ పట్టికను చూసి విడగొట్టే పని ఒకే చోట, ఉమ్మడి కోడ్‌లో జరుగుతుంది. మీ పదకొండు షరతులకు అలాంటి చోటే కావాలి.

ఆ పట్టికలో రెండు రకాల అంకెలు ఉండాలి, వాటిని కలపకూడదు. కొన్ని తప్పితే పని జరగనివి, కొన్ని పాటిస్తే పని బాగా జరిగేవి. ఇప్పటి హార్డ్‌డిస్కుల్లో చాలావాటికి లోపలి సెక్టారు 4096 బైట్లయినా, పాత సాఫ్ట్‌వేర్ కోసం బయటికి 512 అని చెబుతాయి. 512 తప్పనిసరి, 4096 సలహా. డాస్ కాలం నుంచి డిస్కులోని మొదటి విభాగాన్ని (పార్టిషన్) 63వ సెక్టారు దగ్గర మొదలుపెట్టే అలవాటు ఉండేది. 63ను 512తో హెచ్చిస్తే 32256, అది 4096తో భాగించబడదు. ఆ డిస్కులు రాతను తిరస్కరించవు, కానీ ఫైల్ సిస్టమ్ రాసే ప్రతి 4096 బైట్లకూ రెండు లోపలి సెక్టార్లను చదివి తిరిగి రాస్తాయి. ఈ సలహా విలువలను పైకి చెప్పే ఏర్పాటు లినక్స్‌లో 2009లో, 2.6.31 వెర్షన్‌లో వచ్చింది. హార్డ్‌వేర్ గరిష్ఠాన్ని, వాడుకరి తన ఇష్టప్రకారం తగ్గించుకునే గరిష్ఠాన్ని కూడా అక్కడ వేరువేరుగా ఉంచుతారు. అది మంచి అలవాటు.

ఒక పరికరం మీద ఇంకొకటి పేరినప్పుడు పట్టికలను కలిపే పద్ధతి కూడా అంకె స్వభావాన్ని బట్టి ఉండాలి. గరిష్ఠ పరిమాణాల్లో చిన్నదాన్ని తీసుకోవాలి. బ్లాకు పరిమాణంలో, అలైన్‌మెంట్‌లో (చిరునామా ఏ అంకెతో భాగించబడాలన్న నియమంలో) పెద్దదాన్ని తీసుకోవాలి. అనుకూలమైన పరిమాణానికి కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) తీసుకోవాలి. ఒక జాగ్రత్త చెబుతాను. సున్నా అంటే "పరిమితి లేదు" అన్న అర్థం లినక్స్‌లో కొన్ని గడులకు ఉంది, కలిపేటప్పుడు సున్నాను వదిలేస్తారు. మీ చిన్న పొరలో ఆ అర్థం పెట్టకండి. డ్రైవర్ రాసినవారు గడి నింపడం మరిచిపోయినా సున్నాయే ఉంటుంది కదా. సున్నా కనిపిస్తే పరికరాన్ని మొదలుపెట్టడానికే నిరాకరించండి.

పరిమితులన్నీ ఒక గరిష్ఠ అంకెలో ఇమడవని కూడా గుర్తుంచుకోండి. ఎన్‌వీఎంఈ అనే రకం ఎస్‌ఎస్‌డీ డిస్కులకు మెమరీ చిరునామాలను జాబితాగా ఇచ్చే ఒక పద్ధతిలో, మొదటి ముక్క మెమరీ పేజీ మధ్యలో మొదలుకావచ్చు కానీ మిగిలినవన్నీ పేజీ మొదట్లోనే మొదలుకావాలి. అంటే మధ్యలో ఖాళీలు ఉండకూడదు. మొత్తం ఎంత చిన్నదైనా, ఆకారం కుదరకపోతే ఆ అభ్యర్థన చెల్లదు. మీ ఫ్లాష్ పేజీ కూడా ఆ జాతిదే. "256కు మించకూడదు" అన్నది సరిపోదు, "256 హద్దును దాటకూడదు" అనాలి. మీ 13వ రికార్డు 20 బైట్లే కదా.

రెండో సమాధానం

పై సమాధానంలోని పట్టిక ఆలోచనతో నేను ఏకీభవిస్తాను. అయితే అది మీ మూడు పరికరాలూ ఒకే జాతివి, వాటి అంకెలు మాత్రమే వేరు అన్నట్లు సాగింది. నార్ ఫ్లాష్, ఎస్‌డీ కార్డు ఒకే జాతివి కావు. కార్డులో ఏ 512 బైట్ల బ్లాకు మీదైనా ఎన్నిసార్లయినా తిరిగి రాయవచ్చు, చెరిపే పని లోపలి కంట్రోలర్ చూసుకుంటుంది. నార్ ఫ్లాష్‌లో 4 కిలోబైట్లు చెరిపితేనే అక్కడ కొత్తగా రాయగలం. చెరపడానికి మామూలుగా పదుల మిల్లీసెకన్లు, చిప్ పాతబడితే వందల మిల్లీసెకన్లు పడుతుంది. "రాయి" అన్న ఒక్క మాట వెనక దీన్ని దాచిపెడితే, 20 బైట్ల రాత కోసం డ్రైవర్ 4 కిలోబైట్లు ర్యామ్‌లోకి చదివి, చెరిపి, తిరిగి రాయాలి. ఆ మధ్యలో కరెంటు పోతే పోయేది మీ 20 బైట్లు కాదు, ఆ 4 కిలోబైట్లలో ఉన్న 200 పాత రికార్డులు. శీతల గిడ్డంగిలో కరెంటు పోయే క్షణమే మీకు ముఖ్యమైన క్షణం కూడా.

అందువల్ల చెరపడాన్ని ఇంటర్‌ఫేస్‌లో మూడో పనిగా బయటపెట్టండి. లినక్స్‌లో కూడా ఇదే కారణంతో ముడి ఫ్లాష్‌ను బ్లాక్ పొర కిందికి తేకుండా ఎంటీడీ అనే వేరే పొరలో ఉంచారు. మైక్రోకంట్రోలర్ల కోసం చేసిన లిటిల్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ డ్రైవర్‌ను అడిగేవి చూడండి: చదవడం, రాయడం, చెరపడం, రాసినవన్నీ నిజంగా లోపలికి చేరేదాకా ఆగడం అనే నాలుగు పనులు, చదివే కనీస పరిమాణం, రాసే కనీస పరిమాణం, చెరిపే బ్లాకు పరిమాణం అనే మూడు వేర్వేరు అంకెలు. కార్డు డ్రైవర్‌లో చెరపడం ఏమీ చేయకుండా విజయమని చెప్పవచ్చు. ఎక్కువ నిబంధనలున్న పరికరానికి తగినట్లు ఇంటర్‌ఫేస్ గీస్తే, తక్కువ నిబంధనలున్నది అందులో ఇబ్బంది లేకుండా ఇముడుతుంది. తిరగేసి గీస్తే ఇమడదు.

విడగొట్టడం గురించి కూడా ఒక మాట. పెద్ద రాతను రెండు చిన్న రాతలుగా చేసినప్పుడు బైట్లు అన్నీ సరిగ్గానే చేరతాయి, కానీ "అంతా చేరింది లేదా ఏదీ చేరలేదు" అన్న హామీ పోతుంది. మీ 13వ రికార్డు రెండు పేజీల మీద ఉంటే, మధ్యలో కరెంటు పోయినప్పుడు దాని తల ఒక పేజీలో ఉండి, తోక ఉండవలసిన చోట చెరిపిన ఫ్లాష్ విలువలే ఉంటాయి. చెక్‌సమ్ వల్ల అది తెలుస్తుంది, రికార్డు మాత్రం తిరిగి రాదు. రికార్డును 32 బైట్లకు పెంచితే ఏదీ పేజీ హద్దు దాటదు. 8 మెగాబైట్లలో 2,62,144 రికార్డులు పడతాయి. నిమిషానికొకటి చొప్పున 182 రోజులు. ఇప్పటి 20 బైట్లతో అయితే 4,19,430 పడతాయి, అంటే 291 రోజులు. ఆ తేడా మీకు భరించదగినదో కాదో మీరే చెప్పాలి.

మూడో బోర్డు గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తాను, ఎందుకంటే ఆ కుటుంబపు మైక్రోకంట్రోలర్‌తో నేను స్వయంగా మూడు వారాలు పోగొట్టుకున్నాను. హెచ్743లో 0x20000000 దగ్గర మొదలయ్యే 128 కిలోబైట్ల డీటీసీఎం మెమరీని ఎస్‌డీ కార్డు కంట్రోలర్ డీఎంఏ అసలు చూడలేదు. చాలా ప్రాజెక్టుల్లో స్టాక్ అక్కడే ఉంటుంది కాబట్టి, ఫంక్షన్ లోపల ప్రకటించిన బఫర్ ఇస్తే బదిలీ విఫలమవుతుంది. ఆ తప్పు వెంటనే బయటపడుతుంది కనుక దాన్ని పట్టుకోవడం తేలిక. రెండోది అంత తేలిక కాదు. ఆ చిప్‌లోని కార్టెక్స్ ఎం7 ప్రాసెసర్ డేటా క్యాష్ (మెమరీలోని డేటాకు దగ్గరి ప్రతిని ఉంచే చోటు) లైను 32 బైట్లు. డీఎంఏ కొత్త డేటాను మెమరీలో పెట్టిన తరువాత, క్యాష్‌లోని పాత ప్రతిని పారేయాలి. నేను అప్పట్లో పనిచేసిన సంస్థలో మా 512 బైట్ల బఫర్ ఒక లైను మధ్యలో మొదలైంది. అదే లైను మొదటి సగంలో, కార్డుకు ఏ సంబంధమూ లేని ఒక లెక్క ఉంది. ప్రాసెసర్ ఆ లెక్కను పెంచి ఇంకా మెమరీకి పంపకముందే మేము లైనును పారేస్తే, పెరిగిన లెక్క దానితోపాటే పోయేది. కార్డు చదివిన ప్రతిసారీ కాదు, కొన్ని రోజులకొకసారి జరిగేది. తప్పంతా ఆ లెక్క పెట్టే కోడ్‌లోనే ఉందని మేము అక్కడే వెతికాం.

ఇలాంటి వాటికి పట్టికలో మూడు గడులు పెట్టండి: డీఎంఏ చేరగలిగిన మెమరీ పరిధి, బఫర్ మొదలుకు కావలసిన అలైన్‌మెంట్, పొడవుకు కావలసిన అలైన్‌మెంట్. వచ్చిన బఫర్ ఈ మూడింటికీ సరిపడకపోతే ఉమ్మడి కోడే దాన్ని బౌన్స్ బఫర్ అనే, డీఎంఏ చేరగలిగిన తాత్కాలిక చోటులోకి కాపీ చేసి పంపాలి. మారని డేటాగా ప్రకటించిన మీ శీర్షిక సమస్య కూడా దీనితోనే తీరుతుంది. ఆ బౌన్స్ బఫర్‌ను మొదట్లోనే కేటాయించి ఉంచండి. రాసే సమయంలో మెమరీ అడిగితే, ఏదో ఒక రోజు దొరకదు. దాని పరిమాణం కూడా ఒక పరిమితేనని మరవకండి: 4 కిలోబైట్ల బౌన్స్ బఫర్ ఉంటే, దాని గుండా వెళ్లే బదిలీ 4 కిలోబైట్లకు మించదు.

సమయాన్ని కూడా పట్టికలో చేర్చండి. ఎస్‌డీహెచ్‌సీ (ఎక్కువ సామర్థ్యపు ఎస్‌డీ) కార్డు ఒక రాత తరువాత 250 మిల్లీసెకన్ల వరకు బిజీగా ఉండవచ్చని ప్రమాణమే అనుమతిస్తుంది. కొత్త కార్డుతో బల్ల మీద పరీక్షించినప్పుడు 5 మిల్లీసెకన్లలో అయిపోయిందని, ఆ అంకెనే కోడ్‌లో రాసుకున్నవారిని చూశాను.

ప్రశ్న అడిగినవారి మాట

ఇద్దరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. 182 రోజులు మాకు సరిపోవు. ఇక్కడ వేసవికి ముందు లోపలికి వెళ్లిన సరుకు ధర కోసం ఆరు నెలలు దాటి కూడా ఉంటుంది, లెక్క చివరిదాకా కావాలి. అయితే మీ లెక్క చూశాక ఇంకో దారి కనిపించింది. పేజీకి 12 రికార్డులే రాసి, మిగిలిన 16 బైట్లను పేజీ వరుస సంఖ్యకు, చెక్‌సమ్‌కు కేటాయిస్తాం. 32,768 పేజీల్లో 3,93,216 రికార్డులు పడతాయి, అంటే 273 రోజులు. ఏ రికార్డూ హద్దు దాటదు. 12 అన్న అంకెను కోడ్‌లో రాయకుండా పట్టికలోని పేజీ పరిమాణం నుంచి లెక్కిస్తున్నాం. 512 బైట్ల కార్డు బ్లాకుకు అదే సూత్రంతో 24 వస్తుంది.

చెరపడాన్ని విడిగా బయటపెట్టాం, 255ను ఎస్‌పీఐ డ్రైవర్‌లోకి దించాం. ఇప్పుడు నాకున్న సందేహం పట్టికను ఎవరు నింపాలన్నది. ఫ్లాష్ చిప్ తన వివరాలు తానే చెబుతుంది, కార్డు కూడా చెబుతుంది. వాటిని నమ్మి నింపవచ్చా?

మూడో సమాధానం

చదవండి, కానీ చదివినదాన్ని చివరి మాటగా తీసుకోకండి. ఎస్‌ఎఫ్‌డీపీ అనే జెడెక్ (చిప్‌ల ప్రమాణాల సంస్థ) పట్టికను చిప్ నుంచి చదివితే పేజీ పరిమాణం, చెరిపే పరిమాణాలు, చిరునామా ఎన్ని బైట్లో తెలుస్తాయి. దానిమీద, చిప్ గుర్తింపు సంఖ్యను బట్టి సరిదిద్దే చిన్న మినహాయింపుల పట్టిక ఒకటి ఉండాలి. ఆ మినహాయింపు కూడా అంకెను మార్చాలి తప్ప, కోడ్‌లో కొత్త షరతును పుట్టించకూడదు.

లినక్స్ ఎస్‌డీ కంట్రోలర్ డ్రైవర్‌లో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. ఆ కంట్రోలర్ల డీఎంఏ వివరణలో పొడవుకు 16 బిట్లే ఉన్నాయి. 65536 అన్న అంకె 16 బిట్లలో పట్టదు, సున్నాగా మిగులుతుంది. అందుకే సున్నా అంటే 65536 అని ప్రమాణం చెబుతుంది. కొన్ని కంట్రోలర్లు సున్నాను సరిగ్గా అర్థం చేసుకోలేవు. వాటికి ఒక గుర్తు పెట్టి, ముక్క గరిష్ఠ పొడవును 65536 కంటే కాస్త తగ్గించారు. పైవారెవరికీ ఆ సంగతి తెలియనవసరం లేదు. యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్‌లో కూడా, ఒకసారికి 64 సెక్టార్లకు మించి ఇస్తే తట్టుకోలేని పరికరాలకు అటువంటి గుర్తే ఉంది.

మీ బోర్డుల్లో రెండు చోట్ల ప్రత్యేకంగా చూసుకోండి. రెండో బోర్డులోని 32 మెగాబైట్ల చిప్‌కు 3 బైట్ల చిరునామా సరిపోదు, ఎందుకంటే అది 16 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. 3 బైట్లే పంపితే 16 మెగాబైట్ల తరువాతి మొదటి రాత సున్నా చిరునామా మీద పడుతుంది. మీ పేజీ కథే పెద్ద ఎత్తున జరుగుతుంది. చిప్‌ను శాశ్వతంగా 4 బైట్ల పద్ధతిలోకి మార్చడం కంటే, 4 బైట్ల చిరునామాతోనే వచ్చే విడి ఆదేశాలు చిప్‌లో ఉంటే వాటిని వాడండి. పద్ధతిని మార్చి వదిలేస్తే, చిప్‌కు కరెంటు తీయకుండా మైక్రోకంట్రోలర్ మాత్రమే రీసెట్ అయినప్పుడు చిప్ ఇంకా 4 బైట్లకే ఎదురుచూస్తుంటుంది, మీ కోడ్ 3 పంపుతుంది. ఆ చిప్ నుంచే బూట్ అయ్యే బోర్డులైతే ఇక లేవవు. ఇక కార్డు విషయం: 2 జీబీ వరకు ఉండే పాత కార్డులకు చిరునామా బైట్లలో ఇవ్వాలి, ఎస్‌డీహెచ్‌సీ నుంచి 512 బైట్ల బ్లాకుల్లో ఇవ్వాలి. కార్డు మొదలయ్యేటప్పుడు చెప్పే ఒక బిట్‌ను బట్టి ఈ తేడా తెలుస్తుంది. దాన్ని డ్రైవర్‌లోనే ముగించండి, పైన ఎప్పుడూ ఒకే కొలమానం ఉండాలి.

పరీక్ష గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది చెప్పి ముగిస్తాను. కంప్యూటర్ మీద నడిచే నకిలీ పరికరం ఒకటి రాయండి. దానికి పట్టికను మీరే ఇవ్వండి, ప్రతి పరుగుకూ అంకెలు మార్చండి: పేజీ 64, 256, 512, చెరిపే పరిమాణం 4 కిలోబైట్లు, 64 కిలోబైట్లు, అలైన్‌మెంట్ 1, 4, 32. నియమం తప్పిన అభ్యర్థన వస్తే అది సర్దుకుపోకూడదు, అక్కడికక్కడే ఆగిపోవాలి. అసలు చిప్ చేసే చెడ్డ పనులను కూడా అది చేయాలి: రాసేటప్పుడు పాత బిట్లతో కలపాలి, హద్దు దాటితే పేజీ మొదటికి తిరగాలి. ఎన్నో రాత తరువాత కరెంటు పోవాలో ఇంకో అంకెగా ఇచ్చి, 1 నుంచి చివరిదాకా ప్రతి రాత దగ్గరా ఒకసారి ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మిగిలిన రికార్డులు లెక్కించండి. నిజమైన బోర్డు మీద చేయడానికి నెలలు పట్టే పని ఒక్క రాత్రిలో అయిపోతుంది. అసలు డ్రైవర్లలో కూడా ఆ తనిఖీలనే ఉంచండి. ఉమ్మడి కోడ్ సరిగ్గా విడగొట్టిందో లేదో డ్రైవర్ చూసి తప్పుంటే తిరస్కరించాలి, తాను సరిదిద్దకూడదు. రెండు చోట్ల సరిదిద్దే కోడ్ ఉంటే ఒకదాని తప్పును ఇంకొకటి కప్పేస్తుంది.

ప్రశ్న అడిగినవారి మాట

నకిలీ పరికరం రాసి నాలుగు రోజులుగా నడుపుతున్నాను. మొదటి గంటలోనే ఒక తప్పు బయటపడింది, అది డ్రైవర్‌లో లేదు. చెరిపే పరిమాణం 64 కిలోబైట్లని ఇచ్చిన పరుగులో, చోటు కోసం పాత డేటాను చెరిపేటప్పుడు ఇంకా సర్వర్‌కు పంపని రికార్డులు కూడా పోయాయి. 4096 అన్న అంకె మా లాగ్ కోడ్‌లో రెండు చోట్ల నేరుగా రాసి ఉంది. ఒకటి చెరిపే చోట, ఇంకొకటి "ఇక్కడిదాకా పంపేశాం" అన్న గుర్తును ముందుకు జరిపే చోట. రెండింటినీ పట్టిక నుంచి తీసుకునేలా మార్చాక ఆ పరుగు నిలబడింది.

కరెంటు పోయే పరీక్షలో, పేజీ శీర్షికను (వరుస సంఖ్య, చెక్‌సమ్ ఉన్న 16 బైట్లను) రికార్డులకంటే ముందు రాస్తున్నందువల్ల, ఖాళీ పేజీని నిండినదిగా లెక్కిస్తున్న సందర్భం ఒకటి కనిపించింది. ఇప్పుడు ఆ 16 బైట్లను 12 రికార్డుల తరువాత, 240వ బైటు దగ్గర రాస్తున్నాం. ఒకప్పుడు మా 13వ రికార్డు మొదలైన చోటు అదే.